రోదసిలో భూమి కూడా ఉంది

అమ్మా, మీ ప్రశ్నా, దాంతోపాటు పెట్టిన నోటుపుస్తకం ఫొటో రెండూ చూశాను. చిత్తూరులో ఎనిమిదో తరగతి చదివే మీ పాప చంద్రయాన్ మీద వ్యాసం రాస్తూ "రోదసిలోకి దూసుకెళ్లిన రాకెట్" అని రాసింది. మాస్టారు కింద ఎర్ర సిరాతో "అంతరిక్షంలోకి" అని దిద్ది అర మార్కు తీశారు. రెండూ ఒకటే కదా, మార్కు ఎందుకు పోవాలి, అసలు రోదసి అంటే ఏమిటి అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెప్తాను. ఇవాళ్టి తెలుగులో రోదసి అంటే అంతరిక్షమే. పాప ఆ మాట వాడటం తప్పు కాదు. అయితే ఈ రెండు మాటలూ పుట్టినప్పుడు ఇప్పుడున్న చోట లేవు. ఒకటి భూమిని వదిలేసి పైకి పోయింది, ఇంకోటి గాలిని వదిలేసి ఇంకా పైకి పోయింది. ఆ ప్రయాణం తెలిస్తే ఏది ఎక్కడ వాడాలో ఎవరినీ అడగక్కర్లేదు.

నేను తెలుగు పండితుణ్ణి కాను. తిరుపతిలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై ఎనిమిదేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు ఆ కాపీ చాలాసార్లు నా టేబుల్ మీదుగానే పోయేది. "నిప్పులు చిమ్ముతూ నింగికెగసిన" అని నేను ఎన్నిసార్లు రాశానో, కొత్త కుర్రాళ్లు రాస్తే ఎన్నిసార్లు కొట్టేశానో లెక్క లేదు. ఈ మాటలతో నా పరిచయం అలాంటిది.

రోదసి సంస్కృతం మాట. పైగా ద్వివచనం. సంస్కృతంలో ఒకటుంటే ఒక రూపం, రెండుంటే ఒక రూపం, అంతకు మించితే ఇంకో రూపం. మనస్ అనే మాటకు రెండు మనసులైతే "మనసీ" అయినట్టు, రోదస్ అనే మాటకు "రోదసీ" అవుతుంది. ఏమిటా రెండు? ఆకాశం, భూమి. పైన కప్పూ కింద నేలా, రెండూ కలిస్తే రోదసి. పాత నిఘంటువు తెరిచినా "భూమ్యాకాశములు" అనే అర్థమే కనిపిస్తుంది. ఋగ్వేదంలో ఈ మాట మాటిమాటికీ వస్తుంది, అక్కడా ఇదే అర్థం. అదే పేరుతో మరుత్తుల వెంట ఉండే ఒక దేవత కూడా వేదంలో ఉంది కానీ ఆమె సంగతి మనకిక్కడ అక్కర్లేదు.

మన వైపువాళ్లకు ఇది చెప్పడం చాలా సులువు. నారాయణవనం ఆకాశరాజు మీకు తెలుసు. ఆయన భార్య పేరు ధరణీదేవి. యజ్ఞం కోసం నేల దున్నిస్తుంటే తామరపువ్వులో దొరికిన బిడ్డను పద్మావతి అని పేరు పెట్టి పెంచిన తల్లిదండ్రులు. ఆకాశం మొగుడు, ధరణి పెళ్లాం. ఆ ఇద్దరినీ కలిపి ఒక్క మాటతో పిలవాలంటే రోదసి అని పిలవొచ్చు. శ్రీనివాస కల్యాణం హరికథ విన్న ప్రతి ఒక్కరికీ రోదసి అసలు అర్థం తెలిసినట్టే, మాట తెలియకపోయినా. నేను ఈ పోలిక చెప్పినప్పుడల్లా పిల్లలు ఇక మర్చిపోరు. మీ పాపకు కూడా ఇలాగే చెప్పండి.

తెలుగుకు సొంత రోదసి లేదా అంటే ఉంది. మిన్నూ మన్నూ. "మిన్నూ మన్నూ ఏకమయ్యేట్టు వాన కురిసింది" అంటాం. "మింటికీ మంటికీ ఏకధారగా ఏడ్చాడు" అంటాం. నింగీ నేలా అంటాం. రెండూ జంటగా వస్తేనే ఆ మాటకు బలం. వేదకాలపు మనిషికి రోదసి కూడా అలాంటి జంట మాటే. నిలబడి చుట్టూ చూస్తే కనిపించేది మొత్తం అందులో ఉంటుంది, మనిషి నిలబడ్డ నేలతో సహా.

కాళిదాసు విక్రమోర్వశీయం మొదటి శ్లోకంలో శివుణ్ణి స్తుతిస్తూ "వ్యాప్య స్థితం రోదసీ" అంటాడు. భూమిని, ఆకాశాన్ని రెంటినీ నిండి నిలిచినవాడు అని అర్థం. ఇప్పటి అర్థం పట్టుకుని దీన్ని చదివితే శివుడు ఎక్కడో ఉపగ్రహాలు తిరిగేచోట ఉన్నాడని వస్తుంది. పాత పద్యాలు, శ్లోకాలు చదివేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్త కావాలి. మాస్టారి ఎర్ర సిరా అక్కడ పడితే నేనూ ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లన్నీ వణికిపోయిన రోజులు మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేను అప్పుడు తిరుపతిలో యూనివర్సిటీలో చదువుతున్నాను, సెలవులకు ఊరెళ్లాను. మా తాత అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతున్నాడు. అందులో రోదసి అని రెండు మూడుసార్లు వచ్చింది. చెవులు కాస్త మందగించిన మా అవ్వ లోపల్నుంచి, "ఎవురు నాయనా ఏడస్తా ఉండేది?" అంది. మేమంతా నవ్వాం. రోదసికీ రోదనకూ ఏం సంబంధమని.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అవ్వ అడిగింది అంత నవ్వాల్సిన ప్రశ్న కాదని. తైత్తిరీయ బ్రాహ్మణంలో ఒక కథ ఉంది. సృష్టి మొదట్లో ప్రజాపతి ఏడ్చాడట. ఆ కన్నీళ్లలో నీళ్లలోకి జారింది భూమి అయింది, తుడుచుకున్నది అంతరిక్షం అయింది, పైకి తుడిచింది ద్యులోకం, అంటే పైనున్న ఆకాశం అయింది. ఏడ్చాడు కనుక భూమికీ ద్యులోకానికీ కలిపి రోదసి అని పేరు. భాషాశాస్త్రవేత్తలు ఇలాంటి వ్యుత్పత్తుల్ని కథలుగానే చూస్తారు, నేనూ అంతే. కానీ అవ్వ చెవికి తట్టింది వేదం చెప్పినవాళ్ల చెవికీ తట్టిందంటే నాకిప్పటికీ ముచ్చటగా ఉంటుంది. స్కైలాబ్ మాత్రం జూలై 11న హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. మా ఊళ్లో అంతకుముందే కోళ్లన్నీ కూరైపోయాయి, ఎటూ చచ్చేవాళ్లం కదా తినేద్దామని.

మరి భూమి ఎక్కడ జారిపోయింది? తెలుగులో ద్వివచనం లేదు. రోదసీ తెలుగులోకి వచ్చేసరికి నది, దేవి, కుమారి లాగా పొట్టి ఇకారంతో ఒంటి మాటయింది. రెండన్న సంగతి వినేవాడికి గుర్తుండే దారి లేదు. చదువుకున్న కవికి అది ద్యావాపృథ్వులు, అంటే ఆకాశమూ భూమీ; మామూలు పాఠకుడికి పైనెక్కడో ఉండేదేదో. 1957లో స్పుత్నిక్, 1961లో గగారిన్, ఇలా వరసగా వార్తలు వచ్చిపడుతున్న కాలంలో పత్రికలకు ఒక కొత్త చోటుకు పేరు కావలసి వచ్చింది. ఆకాశం అంటే విమానాలు తిరిగేది. అది చాలదు. పెద్దగా ఎవరూ వాడని, గంభీరంగా వినిపించే మాట ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని తెచ్చి పైన కూర్చోబెట్టారు.

ఇక్కడ డెస్కు రహస్యం ఒకటి చెప్పాలి. ఏ నిఘంటువులోనూ ఉండదు. పేజీలో ఒకే నిలువు వరసలో పట్టే సింగిల్ కాలం వార్తకు హెడ్డింగు పెట్టేటప్పుడు లైనుకు ఏడెనిమిది అక్షరాలు పడితే గొప్ప. "అంతరిక్షంలోకి" అని పెట్టి చూడండి, లైను అక్కడికే అయిపోతుంది. అందులో క్ష ఒకటి, రెండక్షరాల వెడల్పు తింటుంది, కింద వత్తు పై లైనుకూ కింది లైనుకూ అడ్డం పడుతుంది. "రోదసిలోకి" హాయిగా ఇమిడిపోతుంది, వత్తు లేదు, పక్కన ఇంకో మాటకు చోటు మిగులుతుంది. శాస్త్రీయంగా ఏది సరైనదని ఆలోచించి కాదు, పట్టింది కనుక వాడాం. చోటు గురించిన మాట చోటు తక్కువ తినడం వల్ల బతికింది. హెడ్డింగులో రోదసి, కింద వార్తలో అంతరిక్షం, ఇది మా పద్ధతి. రెండూ ఒకటే అన్న భావం జనంలో పాతుకుపోవడానికి మా వంతు పాపం కొంత ఉంది.

ఇక అంతరిక్షం. ఏ పూజ చివరైనా చెప్పే శాంతిమంత్రం గుర్తు తెచ్చుకోండి. "ద్యౌః శాంతిః, అంతరిక్షం శాంతిః, పృథివీ శాంతిః." పైన ద్యులోకం, కింద పృథివి, నడుమ అంతరిక్షం. భూర్భువస్సువః అన్నప్పుడు నడిమి భువః కూడా అదే అని తైత్తిరీయోపనిషత్తు చెప్తుంది. అంతః అంటే లోపల, నడుమ. రెంటి నడుమ కనిపించేది అంతరిక్షం అని ఒక వ్యుత్పత్తి. వేదంలోని మాటలకు అర్థాలు చెప్పిన యాస్కుడు తన నిరుక్తంలో దేవతల్ని మూడు తావుల్లో పంచాడు: భూమి మీద అగ్ని, అంతరిక్షంలో వాయువో ఇంద్రుడో, ద్యులోకంలో సూర్యుడు. వాయువు అంతరిక్షంలో ఉన్నాడంటే అర్థం కావట్లేదూ? గాలి వీచేచోటు, మబ్బులు కమ్మేచోటు, ఉరుములు ఉరిమేచోటు పాతవాళ్ల అంతరిక్షం. మన భాషలో చెప్పాలంటే మోడం పట్టే తావు. ఈ రోజు మనం వాతావరణం అంటున్నది వాళ్లకు అంతరిక్షం. సూర్యుడు దాని అవతల.

అంటే లెక్క తలకిందులైంది. పాత అర్థంలో రాకెట్ అంతరిక్షంలోకి పోదు. అంతరిక్షాన్ని దాటి పోతుంది!

ఈ తమాషా అంతా మన దగ్గరే కళ్లకు కట్టినట్టు ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది కదా. అక్కడ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎం.ఎస్.టి. రాడార్ ఉంది. 32 వరసల్లో 32 చొప్పున 1,024 యాగీ యాంటెనాలు, పాత ఇళ్ల మిద్దెల మీద టీవీ యాంటెనాలు ఉండేవే, ఆ జాతివి. నేల నుంచి పైపొరల దాకా గాలి ఎటు వీస్తోంది, ఎంత వేగంతో వీస్తోంది అని అవి కనిపెడతాయి. 2005 నుంచి ఆ కేంద్రం పేరు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. కానీ అది పనిచేసేది కేంద్ర అంతరిక్ష విభాగం కింద. గాలిని చదివే చోటు అంతరిక్షం వాళ్ల చేతిలో ఉండటం యాస్కుడు చూస్తే సరిగ్గానే ఉంది నాయనా అని తలూపేవాడు. అటు శ్రీకాళహస్తిలో పంచభూతాల్లో వాయులింగం. పాత మ్యాపు ప్రకారం అదీ అంతరిక్షమే. శ్రీహరికోట ఒక్కటే కొత్త అర్థం అంతరిక్షం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ లేచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేటతో సహా ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అర్థం మారిన మాట రెండు అర్థాలతోనూ ఒకే ప్రాంతంలో కాపురం ఉండటం ఇంకెక్కడా చూడం.

కొత్త అర్థానికి హద్దు ఎక్కడ? ఎవరూ అక్కడ కంచె వేయలేదు, గాలి పలచబడుతూ పలచబడుతూ పోతుంది. లెక్కకోసం సముద్రమట్టం నుంచి 100 కిలోమీటర్ల ఎత్తును హద్దుగా పెట్టుకున్నారు, కార్మన్ రేఖ అంటారు. అమెరికాలో 80 కిలోమీటర్లు దాటితే చాలంటారు. ఎంత దూరమో తెలియాలంటే శ్రీహరికోట తిరుపతికి తూర్పున సరళరేఖలో 90 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. రాకెట్ లేచేచోటు మనకు పక్కకు ఎంత దూరమో, అంతరిక్షం నెత్తి మీదకు దాదాపు అంతే దూరం. పైకి రోడ్డుండి బస్సు నడిపితే రెండున్నర గంటల్లో చేరిపోతాం. వ్యోమగాములు ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది, తిరుపతికీ హైదరాబాదుకూ సరళరేఖలో ఉన్న దూరం అటూ ఇటుగా అంతే. పిల్లలకు ఇలా చెప్తే ఆ మాటకు కొలత వస్తుంది.

ఈ కొలత నాకు బాగా అచ్చి రాలేదు. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచిన నిమిషంలోపే అదుపు తప్పింది, ఆ వెంటనే దాన్ని పేల్చేయాల్సి వచ్చింది. క్రిస్మస్ రోజు, డెస్కులో సగం మంది సెలవు. నేను హడావుడిలో "రోదసిలో పేలిన రాకెట్" అని హెడ్డింగు పెట్టి పేజీ పంపించేశాను. మర్నాడు పొద్దున్నే నాయుడుపేట నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు ఫోన్. "బాబూ, మా మిద్దె మీద నిలబడి పొగంతా చూశాను. రోదసి ఎప్పుడు ఇంత కిందికి దిగొచ్చింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నిమిషం పాటు ఎగిరింది ఆకాశంలోనే కదా. "ఆకాశంలో పేలిన రాకెట్" అంటే సరిపోయేది, అక్షరాలు కూడా పట్టేవి. అప్పటి నుంచి నాకొక నియమం: కంటికి కనిపిస్తుంటే ఆకాశం, వార్తాసంస్థ చెప్తేనే తెలిసేదైతే అంతరిక్షం. నూటికి తొంభైసార్లు పనిచేస్తుంది.

మాటలకు జతలుంటాయి. అర్థం ఒకటే అయినా జత మారిస్తే తెలుగు చెవికి కటువుగా ఉంటుంది. అంతరిక్ష పరిశోధన, అంతరిక్ష కేంద్రం, అంతరిక్ష దినోత్సవం. చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవం అన్నారు, రోదసి దినోత్సవం అనలేదు. ప్రభుత్వం మాట, పుస్తకం మాట అంతరిక్షం. రోదసికి యాత్ర, యానం బాగా కుదురుతాయి. మనిషి వెళ్తే మాత్రం వ్యోమగామి. 1984లో రాకేశ్ శర్మను రోదసిగామి అని ఎవరైనా రాసి ఉంటే మా చీఫ్ సబ్ కాగితం విసిరికొట్టేవాడు. నక్షత్రాల్ని చదివేవాడు ఖగోళ శాస్త్రవేత్త, రాకెట్లు కట్టేవాడు అంతరిక్ష శాస్త్రవేత్త. ఈ రెంటినీ పత్రికలు రోజూ కలిపేస్తుంటాయి, నాకు అదొక దురద. దేశానికి హద్దులున్న ఆకాశం గగనతలం, యుద్ధం వచ్చినప్పుడు మూసేసేది. పండగ సంబరాలు అంబరాన్ని అంటుతాయి, అది ప్రాస కోసం పుట్టిన బతుకు. అంబరం అంటే బట్ట కూడా కదా, పీతాంబరం, దిగంబరుడు.

గగనానికి ఇంకో విచిత్రం ఉంది. దొరకనిదాన్ని గగనం అంటాం. వైకుంఠ ఏకాదశి రోజుల్లో కొండ మీద గది గగనం. ఆకాశంలో పూసే పువ్వు, గగనకుసుమం, లేనిదానికి పోలిక. పువ్వు రాలిపోయి గగనం మిగిలింది. ఈ వాడుక ముందు "ఆకాశమే హద్దు" అనేది నాకు చప్పగా ఉంటుంది, అది ఇంగ్లీషు నుంచి దిగుమతి. మనవాళ్లు ఆకాశానికి నిచ్చెనలు వేశారు.

ఆకాశం సంగతి తత్వశాస్త్రంలో వేరు. అక్కడ అది నీలిరంగు కప్పు కాదు, చోటు. పంచభూతాల్లో ఒకటి, శబ్దం దాని గుణం. కుండలో ఉన్న ఖాళీ ఘటాకాశం, కుండ పగిలితే అది మహాకాశంలో కలుస్తుంది. మన కాళహస్తి వాయులింగమైతే చిదంబరం ఆకాశలింగం. అక్కడ తెర తీస్తే విగ్రహం ఉండదు, బంగారు బిల్వపత్రాల దండలు వేలాడుతుంటాయి, వెనక ఖాళీ. చిత్ + అంబరం. "చిదంబర రహస్యం" అని మనం రోజూ అనే మాట ఆ ఖాళీ గురించే. పాత గణితంలో కూడా సున్నా అని పద్యంలో చెప్పాలంటే ఖం, గగనం, అంబరం, వ్యోమం అని ఏదైనా వాడేవారు. చోటుకూ శూన్యానికీ అంత చుట్టరికం.

పొరుగువాళ్లు ఏం చేశారో చూస్తే ఇంకా బాగుంటుంది. చిత్తూరులో ఉన్నారు కనుక తమిళం మీకు చెవిలో పడుతూనే ఉంటుంది. వాళ్లు విణ్‌వెళి అంటారు. విణ్ అంటే మన విన్ను, మిన్ను. వెళి అంటే మన వెలి, వెలుపల. అచ్చంగా ఇంట్లో ఉన్న మాటలతోనే కట్టుకున్నారు. కన్నడం వాళ్లది బాహ్యాకాశ, మలయాళీలది బహిరాకాశం, అంటే ఆకాశానికి బయటిది. హిందీ వాళ్లు అంతరిక్ష్. ఎవరూ తప్పు చేయలేదు కానీ, "మిన్వెలి" లాంటిదొకటి మన డెస్కుల్లో ఎవరికీ తట్టలేదే అని నాకు చిన్న బాధ. మూడున్నర అక్షరాలు, సింగిల్ కాలానికి అద్దినట్టుండేది.

ఇంగ్లీషు స్పేస్ మన నోట్లో ఎన్ని అర్థాలతో తిరుగుతోందో మీకు తెలుసు. ఫోన్‌లో స్పేస్ లేదు, రెండు మాటల మధ్య స్పేస్ ఇవ్వు, నాకు కాస్త స్పేస్ కావాలి. వీటిలో ఒక్కదానికీ అంతరిక్షం పనికిరాదు. బస్టాండు దగ్గర ఒక లాడ్జి ముందు "పార్కింగ్ అంతరిక్షం" అని బోర్డు చూసి పక్కనున్న మిత్రుడూ నేనూ నవ్వుకున్నాం, ఏ కంప్యూటరు తర్జుమా చేసిందో. జాగా, చోటు, తావు, ఎడం అన్నీ ఉన్నాయి కదా. అవకాశం కూడా నిజానికి చోటే, ఆకాశానికి తోబుట్టువు. సంస్కృతంలో ఖాళీ స్థలం అని అర్థం, మన దగ్గర ఛాన్స్ అయింది. తెలుగు మీడియం ఫిజిక్సు పుస్తకాల్లో ఈ ఖాళీకి అంతరాళం అంటారు. గుళ్లో గర్భగృహానికీ ముందు మండపానికీ నడుమ ఉండే ఇరుకు గదికి కూడా అంతరాళమనే పేరు. పాప ఇంటర్‌కు వచ్చినప్పుడు ఈ మాట ఎదురైతే కంగారు పడొద్దని చెప్పండి.

ఇక మీ అర మార్కు. సైన్సు, సాంఘికం పేపర్లలో పుస్తకంలో ఉన్న మాటే రాయమనండి, అంతరిక్షం. దిద్దేవాళ్ల దగ్గర వందల పేపర్లుంటాయి, వాళ్లతో రోదసి చరిత్ర వాదించలేం. తెలుగు వ్యాసంలో రోదసి నిక్షేపంలా రాయొచ్చు. సమాసంలో వస్తే ఇకారం సాగదీయాలి: రోదసిలోకి, కానీ రోదసీ యాత్ర. నది, నదీ జలాలు ఉన్నట్టే.

మాస్టారి దగ్గరికి వెళ్లే ముందు ఆ ఫొటో ఒకసారి పెద్దది చేసి చూడండి. మొదటి వాక్యంలో పాప "రోదసి" అని శుభ్రంగా రాసింది, దాని మీద ఎర్ర గీత లేదు. గీత పడింది నాలుగో వాక్యంలో, "రోధసిలోకి" అని ఒత్తు ధ వేసినచోట. రోధస్సు అంటే సంస్కృతంలో ఏటిగట్టు. రాకెట్ గట్టుకు పోయి గుద్దుకుంటే అర మార్కు పోవడం న్యాయమే.